గారు లేని పుస్తకం

నా పేరులో రెండు ఒత్తులున్నాయి. నేను దిద్దకుండా రెండూ సరిగ్గా రాసినవాళ్ళు నాకు ఇంతవరకు ఇద్దరే తగిలారు. ఒకరు ఆ పేరు పెట్టిన మా తాతయ్య. రెండోవారు ఈ కథలో వచ్చే టీచరుగారు. ఆఫీసు హాజరు పట్టీలో మొదటి ఒత్తు ఉండదు, గుర్తింపు కార్డు మీద రెండోది ఉండదు. "ఊరందరి ఒత్తులూ దిద్దుతావు, నీ ఒత్తుల్ని మాత్రం కాకెత్తుకుపోయింది" అంటాడు మా ఆయన. ఆయన మందుల దుకాణంలో పనిచేస్తాడు. సీసాల మీద గడువు తేదీలు తప్ప ఏదీ చదవడు, కాబట్టి సంతోషంగా ఉంటాడు.

నేను పందొమ్మిదేళ్ళుగా ఒక ప్రచురణ సంస్థలో పనిచేస్తున్నాను. నెలకో పత్రిక, ఏడాదికి పాతిక పుస్తకాలు. నా ఉద్యోగం పేరు సహాయ సంపాదకురాలు. ఎవరికి సహాయమో ఎవరూ చెప్పలేదు కనుక అందరికీ చేశాను. ప్రూఫులు దిద్దాను. చివర్లో చప్పబడిపోయిన కథలకు ముగింపులు రాశాను. డాక్టరు శీర్షికకు ప్రశ్నలు రాని నెలల్లో నా మోకాళ్ళ నొప్పుల్నే ప్రశ్నలుగా పంపాను. రాశిఫలాలు రాసే ఆయన జ్వరంతో మంచమెక్కితే ఒక నెల అవీ నేనే రాశాను. నా రాశికి 'ఉద్యోగంలో పేరు ప్రతిష్ఠలు' అని వేసుకుని నెలంతా ఎదురుచూశాను. మిగతా పాఠకుల సంగతి తెలియదు, నాకైతే ఏమీ జరగలేదు.

పుస్తకం రెండో పేజీలో, ముద్రణ సంవత్సరం అదీ ఉండే చోట, సంపాదకుల పేరు వేస్తారు. మా పుస్తకాల్లో అక్కడ ఎప్పుడూ యజమాని పేరే. చేరిన కొత్తలో అడిగితే పెద్దాయన నవ్వి, "సంపాదకులంటే కూరలో ఉప్పులాంటివాళ్ళమ్మా, కనపడకూడదు" అన్నారు. ఆయన పేరు మాత్రం ప్రతి పుస్తకంలోనూ లావుపాటి అక్షరాల్లో కనపడుతూనే ఉండేది. ఆయన పోయాక కొడుకు పేరు వచ్చింది. ఆ కొడుకు ఆఫీసుకు రాడు. ఆయన బావమరిది మాకు మేనేజరు.

ఈ మేనేజరు నాకంటే ఆరేళ్ళు చిన్న. నన్ను 'ఏమ్మా, నువ్వు' అంటాడు. తనను మాత్రం సార్ అనకపోతే ఆ రోజంతా ముఖం మాడ్చుకుంటాడు. నేను అతనికి ఈ కథలో గారు పెట్టకపోవడానికి కారణం ఉంది. అది కాసేపట్లో మీకే తెలుస్తుంది.

టీచరుగారు మూడేళ్ళ క్రితం ఆరు నోటుపుస్తకాలు సంచిలో వేసుకుని వచ్చారు. అప్పటికే ఎనభై దాటాయి. ముప్ఫై నాలుగేళ్ళు ఒకే బళ్ళో పాఠాలు చెప్పారట. ఆ బడి గురించి, చదువు సగంలో ఆగిపోయిన తనకు ఉద్యోగమిచ్చి నిలబెట్టిన హెడ్మాస్టరుగారి గురించి రాసుకొచ్చారు. నీలం సిరాతో రాసి, తన తప్పులు తానే ఎర్రసిరాతో దిద్దుకున్నారు. కొన్ని పేజీల కింద తనకు తానే మార్కులు కూడా వేసుకున్నారు. ఎక్కడా పదికి ఆరు దాటలేదు.

"అమ్మాయ్, బాగోలేనిచోట బాగోలేదని మొహం మీదే చెప్పు, నేనేం అనుకోను" అన్నారు మొదటిరోజు. "కానీ నాకు చెప్పకుండా ఒక్క అక్షరం మార్చకు. ముఖ్యంగా మా హెడ్మాస్టరుగారికి గారు తియ్యకు. ఆయన పోయి ఇరవయ్యేళ్ళయింది. ఇప్పుడు ఏకవచనంలో పిలవమంటే నాకు నోరు తిరగదు."

"ఒక్క అక్షరం పోదండీ. పూచీ నాది" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తుంది. కానీ అప్పుడు ఆ నోటుపుస్తకాలు చదివాక నాకు ఒళ్ళు తెలియలేదు. రెండేళ్ళపాటు ప్రతి గురువారం మధ్యాహ్నం ఆవిడ ఇంటికి వెళ్ళాను. ఆవిడ భూతద్దం పట్టుకుని ఒకవైపు, నేను పెన్సిలు పట్టుకుని ఇంకోవైపు. తొమ్మిదో అధ్యాయం తెచ్చి మొదట పెడదామన్నాను. "తల తీసి మొలకి పెడతావా?" అని పోట్లాడారు. పై గురువారం నేను వెళ్ళేసరికి ఆవిడే మార్చి రాసిపెట్టి ఉంచారు. బంధువుల పెళ్ళిళ్ళున్న నలభై పేజీలు తీసేశాం. తీసిన ప్రతి పేరాకీ నేను కారణం చెప్పాలి, ఆవిడ తలూపాలి. నా ఉద్యోగ జీవితంలో పనంటే ఇదీ అనిపించిన రోజులు అవే.

చివరికి ఆవిడే మేనేజరు గదిలోకి నడిచి, "ఈ అమ్మాయి పేరు సంపాదకురాలిగా వెయ్యండి. వెయ్యకపోతే నా నోటుపుస్తకాలు నాకిచ్చెయ్యండి" అన్నారు. పిల్లల్ని గోడకుర్చీ వేయించిన గొంతు అది. మేనేజరు సరేనన్నాడు. నేను నా బల్ల దగ్గరకొచ్చి, ఎవరూ చూడకుండా ఒక చిత్తుకాగితం మీద నా పేరు రెండు ఒత్తులతో రాసి చూసుకున్నాను.

శుక్రవారం చివరి ప్రూఫు చూసి సంతకం పెట్టాను. పుస్తకం రెండువందల ఇరవై ఏడు పేజీలు వచ్చింది. అచ్చులో పదహారు పేజీలకొక ఫారం. పద్నాలుగు ఫారాలకు రెండువందల ఇరవై నాలుగు. మూడు పేజీలు ఎక్కువ.

"మూడు పేజీల కోసం ఇంకో ఫారం వెయ్యమంటావా?" అన్నాడు మేనేజరు. "ఎక్కడైనా కొయ్యమ్మా."

"కొయ్యక్కర్లేదు సార్. అధ్యాయాల మధ్య ఖాళీ పేజీలు ఐదున్నాయి. మూడు తీసేస్తే సరిపోతుంది. అయినా టీచరుగారికి ఒక మాట చెప్పాలి. సోమవారం చేసేద్దాం."

అతను ప్రూఫు తిరగేశాడు. "అసలు ఈ గారు గారు గారు ఏంటి? ప్రతి లైనులో ఒకటి. ఈ రోజుల్లో ఎవరంటున్నారు గారు?"

"ఆవిడ అంటున్నారు సార్. పుస్తకం ఆవిడది."

నేను అనుకున్నాను మాట అక్కడితో అయిపోయిందని. నా అంత తెలివితక్కువది ఇంకొకతె ఉండదు.

పది రోజులకు పుస్తకాలు కట్టలుగా వచ్చాయి. నేను అందరిలా అట్ట చూడలేదు. నేరుగా రెండో పేజీ తీశాను. సంపాదకురాలు అని ఉంది. పక్కన నా పేరుంది. రెండు ఒత్తులూ ఉన్నాయి. మరుగుదొడ్డిలోకి వెళ్ళి తలుపేసుకుని మళ్ళీ చూసుకున్నాను. పందొమ్మిదేళ్ళు ఎదురుచూసినదాన్ని, ఆ మాత్రం సిగ్గులేనితనం నాకు చెల్లుతుంది.

సాయంత్రం ఇంటికి తీసుకెళ్ళి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన నా పేరు చదివి, అట్ట చూసి, మళ్ళీ నా పేరు చదివాడు. "గడువు తేదీ లేదేం?" అని ఓ జోకు వేశాడు. తర్వాత నన్ను సంతోషపెట్టాలని మధ్యలో ఒక పేజీ తీసి పైకి చదవడం మొదలుపెట్టాడు.

"'పరీక్షాధికారి రాగానే నేను కంపడ్డాను.' కంపడ్డాను అంటే ఏంటి? ముళ్ళకంపలో పడ్డారా పాపం?"

"కంగారుపడ్డాను అని ఉంటుంది, సరిగ్గా చూడు."

"సరిగ్గానే చూస్తున్నా. ఇదిగో, 'మా బడికి బం పతకం వచ్చింది.' ఈ బం ఎవరు?"

పుస్తకం లాక్కున్నాను. చదివింది నిజమే. పేజీ తిప్పాను. అధికారులు బస్సు ది. పిల్లలు మంచినీళ్ళు తా. చూస్తుండగానే పెద్దవాళ్ళుగా ఎది. ఏం జరిగిందో నాకు అప్పటికే అర్థమైంది, అయినా చివరి పేజీకి వెళ్ళాను. హెడ్మాస్టరుగారి ఆఖరి పనిదినం అక్కడుంది. ఆ పేరా కోసం టీచరుగారూ నేనూ నాలుగు గురువారాలు కూర్చున్నాం. 'గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగారు. వెనక్కి తిరిగారు. రేపటి గంట ఎవరు కొడతారమ్మా అని అడిగారు' అని ఉండాలి. అచ్చులో ఇలా ఉంది: గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆ. వెనక్కి తిరి. రేపటి గంట ఎవరు కొడతారమ్మా అని అడి.

మా ఆయన ఇంకో జోకు వెయ్యబోయి నా ముఖం చూసి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నం ఆయనే వండాడు.

మర్నాడు పొద్దున్నే డీటీపీ గదిలోకి వెళ్ళాను. అక్కడ పనిచేసే ఆయన్ను అందరం అన్నయ్య అంటాం. నేను చేరిన ఏడాదే చేరాడు. నన్ను చూడగానే కుర్చీ వెనక్కి జరిపాడు.

"నాకేం తెలీదు చెల్లెమ్మా. శనివారం మేనేజరు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. గారు అని ఉన్నచోటల్లా తీసెయ్యమన్నాడు. చెల్లెమ్మని అడుగుదాం సార్ అన్నా. అక్కర్లేదన్నాడు. మీట నొక్కా. తొమ్మిదివందల నలభై ఏడు తీసేశానని కంప్యూటర్ చెప్పింది. సరిగ్గా మూడు పేజీలు తగ్గాయి. ఆయన చప్పట్లు కొట్టాడు."

"బంగారులో గారుందని నీకు తెలియదా అన్నయ్యా?"

"మీట నొక్కాక తెలిసింది." తల దించుకున్నాడు. "చెబుదామనుకున్నా. ఇద్దరు పిల్లలు కాలేజీలో ఉన్నారు."

అతన్ని ఏమని తిట్టను? తిట్టాలనే ఉంది. తిట్టకుండానే మేనేజరు గదిలోకి వెళ్ళాను.

అతను అప్పటికే పుస్తకం చూసినట్టున్నాడు. సార్ అనకపోయినా ముఖం మాడ్చుకోలేదు, దాన్నిబట్టే తెలిసింది. "చిన్న పొరపాటు జరిగిందమ్మా. ఒక తప్పొప్పుల చీటీ వేసి పెట్టేద్దాం. ముఖ్యమైనవి ఓ పాతిక రాసివ్వు."

"తొమ్మిదివందల నలభై ఏడు తప్పులకు పాతికా? ఆ చీటీ కుట్టాలంటే ఇంకో ఫారం పడుతుంది. మళ్ళీ అచ్చు వెయ్యాలి."

"మళ్ళీ అచ్చంటే బావగారికి కారణం రాసివ్వాలి."

బావగారు. ఆ మాటకు మాత్రం అతను ఎప్పుడూ గారు తియ్యలేదు.

"కారణం మీరే కదా" అన్నాను.

"చివరి ప్రూఫు మీద సంతకం ఎవరిది?"

నాదే. శుక్రవారం నేను చూసిన ప్రూఫులో గారులన్నీ ఉన్నాయని నాకు తెలుసు, అతనికి తెలుసు, అన్నయ్యకు తెలుసు. కానీ బావమరిది మాట ముందు మా ఇద్దరి మాటా ఎంత? ఉడికిపోతూ నిలబడ్డాను. అంతలో బల్ల మీద ఫోను మోగింది. రచయిత్రికిచ్చే ప్రతులు ఐదు ముందురోజే టీచరుగారికి పంపేశారని నాకు అప్పుడు తెలిసింది.

"నమస్కారం టీచర్. అవును టీచర్, చూశాం. చాలా బాధగా ఉంది." అతను నా వైపు చూస్తూనే మాట్లాడుతున్నాడు. "ఏం లేదు టీచర్, మా ఎడిటర్ గారు కంప్యూటర్లో ఏదో పొరపాటు చేశారు. పాపం ఆవిడ కూడా ఏడుస్తున్నారు."

పందొమ్మిదేళ్ళలో ఆ ఆఫీసులో ఎవరైనా నన్ను గారు అనడం అదే మొదటిసారి. నేను ఏడవడం లేదు. ఫోను లాక్కోవడానికి చెయ్యి చాపాను. అతను దాన్ని అరచేత్తో మూసి, గొంతు తగ్గించి అన్నాడు.

"ఇప్పుడు నువ్వు మాట్లాడితే చీటీయే. నువ్వు నీ తప్పని కాగితం రాసిస్తే, ప్రూఫు పొరపాటు కింద బావగారితో చెప్పి పది రోజుల్లో కొత్త పుస్తకం తెప్పిస్తా. ఏది కావాలో చెప్పు."

చాపిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆ ఫోనులో అవతల ఒక పెద్దావిడ భూతద్దం పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటారు. ఆవిడ పుస్తకంలో హెడ్మాస్టరుగారు గుమ్మం దగ్గర 'ఆ' అని ఆగిపోయి ఉన్నారు. ఆయన్ను అలా వదిలెయ్యనా? ఒక్క అక్షరం పోదని పూచీ పడ్డది నేను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

కాగితం రాసిచ్చాను. నా ఉద్యోగంలో నేను రాసిన అబద్ధాల్లో రాశిఫలాల తర్వాత అదే పెద్దది. సంతకం రెండు ఒత్తులతో పెట్టాను. అతను చదివి, మడిచి, సొరుగులో పెట్టుకుని, "ఇంకో మాట. తప్పు చేసినవాళ్ళ పేరు మళ్ళీ వేస్తే బావగారు ఊరుకోరు" అన్నాడు. ఆ సంగతి కాగితం రాయకముందు చెప్పలేదు.

అన్నయ్యా నేనూ శుక్రవారం నాటి పాత ఫైలు తీశాం. అధ్యాయాల మధ్య ఖాళీ పేజీలు మూడు తీసేశాం. రెండువందల ఇరవై నాలుగు వచ్చింది. పట్టింది ఐదు నిమిషాలు. కోపంతో నాకు చెవులు వేడెక్కాయి. అన్నయ్య తెరవైపు చూస్తూ, "నేను వచ్చి చెప్పనా బావగారికి?" అన్నాడు. "పిల్లల చదువులు కానివ్వు అన్నయ్యా" అన్నాను. నేనేదో గొప్పదాన్నని కాదు, చెప్పినా ఏమీ కాదని తెలుసు. కానీ ఆ తర్వాత రెండు రోజులు అన్నయ్యతో సరిగా మాట్లాడలేకపోయాను.

కొత్త పుస్తకాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా మూడుసార్లు చదివాను. గుమ్మం దగ్గర ఆగారు, వెనక్కి తిరిగారు, అడిగారు. రెండో పేజీలో నా పేరున్న చోట 'పర్యవేక్షణ' అని, మేనేజరు పేరు. చివర గారు కూడా ఉంది. అది అతను స్వయంగా చెప్పి పెట్టించుకున్నాడని అన్నయ్య చెప్పాడు.

ఆవిష్కరణ ఆవిడ పనిచేసిన బళ్ళోనే, ఆదివారం పొద్దున. చిన్న బెంచీల మీద పెద్దవాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. పాత విద్యార్థులు కొందరు, జుట్టు నెరిసినవాళ్ళు, ఆవిడ కనపడగానే లేచి నిలబడ్డారు. మేనేజరు వేదిక మీద కూర్చున్నాడు. నేను పుస్తకాల బల్ల దగ్గర నిలబడ్డాను. పుస్తకం పాడయ్యాక ఆవిడ ముఖం చూడటం అదే మొదటిసారి. ఫోను చేసే ధైర్యం నాకు లేకపోయింది.

సభ అయ్యాక టీచరుగారే కర్ర పట్టుకుని నా దగ్గరకొచ్చారు. మేనేజరు నాలుగడుగుల దూరంలో ఎవరితోనో నవ్వుతూ, ఒక కన్ను ఇటే వేసి ఉంచాడు. చూస్తే చూడనీ అనుకున్నాను. పుస్తకం అచ్చయిపోయింది, ఇక నా చేతిలోంచి ఎవరూ లాక్కోలేరు.

"టీచరుగారూ, ఆ రోజు నిజానికి..." అన్నాను.

"సాకులొద్దు" అన్నారు ఆవిడ. మెత్తగానే అన్నారు. "తప్పు చేసినప్పుడు సాకు చెప్పకూడదు. ఈ గదిలోనే నాలుగు వందలమంది పిల్లలకు చెప్పుంటాను ఆ మాట. నువ్వు తప్పు చేశావు, మళ్ళీ కూర్చుని దిద్దావు. అంతే. నేను ఎప్పుడో మర్చిపోయాను."

"అది కాదండీ..."

"మళ్ళీనా?"

ఆ గొంతుకు జుట్టు నెరిసినవాళ్ళే లేచి నిలబడ్డారు. నేనెంత? చెయ్యని తప్పుకు తిట్టినా పడొచ్చు, తిరిగి తిట్టుకోవచ్చు. చెయ్యని తప్పును క్షమిస్తే ఏం చెయ్యాలి? అంత మంచి మనిషి అంత ప్రేమగా చూస్తుంటే, ఒళ్ళంతా మండిపోతూ, తలూపాను.

"నీ పేరు తీసేశారటగా. మంచి పని కాదని మీ ఆఫీసాయనతో అన్నాను. ఇలా ఇవ్వు" అని బల్ల మీద ఒక ప్రతి తీసుకున్నారు. రెండో పేజీ తెరిచారు. సంచీలోంచి ఎర్రకలం తీశారు. రాసి, ఆరేదాకా ఊది, మూసి నా చేతిలో పెట్టి, కర్ర చప్పుడు చేసుకుంటూ పాత విద్యార్థుల దగ్గరకు వెళ్ళిపోయారు.

బస్సులో తెరవలేదు. ఇంటికొచ్చి, వంటింటి బల్ల మీద పెట్టి తెరిచాను. మేనేజరు పేరు కింద, గారుకి కాస్త దిగువన, ఎర్రసిరాతో నా పేరుంది. రెండు ఒత్తులూ ఉన్నాయి. దాని కింద, మార్కుల కార్డులో రాసినట్టు, ఒక గీత గీసి ఇలా రాశారు: 'ఇంకా శ్రద్ధ అవసరం.' కింద సంతకం, తేదీ.

మా ఆయన నా భుజం మీంచి వంగి చూశాడు. "నీ పేరు పడిందే" అన్నాడు. ఈసారి జోకు వెయ్యలేదు.

నేను అద్దాలు తుడుచుకుని, శ్రద్ధలో దకు ధ ఒత్తు పడిందో లేదో చూశాను. సరిగ్గానే పడింది.